పువ్వు పక్కన చెయ్యి

మొదటి పువ్వు

నాగజెముడు పువ్వుకు తొందర లేదు. ఎండ గోడ దిగి నీళ్ళతొట్టి అంచు తాకేదాకా రేకు విప్పదు. ఆలోగా నేను దాని వెనకాల నల్ల గొడుగుగుడ్డ కట్టి, డబ్బా మూతతో వెలుగును పక్కనుంచి మళ్ళించి, గొంతుక్కూర్చుని కాచుకుంటాను. చీమలను ఊది తోలుతాను. జెముడాకుల మీది ఇసుకను నెమలీకల కట్టతో దులుపుతాను. ఈ ఏడోదిబ్బ ఊళ్ళో ఎవరింట్లోనైనా పొద్దున మొదటి పని ఇసుక దులపడమే. మన మొహం సంగతి తర్వాత.

ఇవాళ విచ్చింది మంచి పసుపు. రేపటికి నారింజ రంగు తిరిగి ముడుచుకుపోతుంది. నీటి మండలి దీన్ని నమ్మడానికి కారణం అదే. మండలి కాగితాలను నమ్మదు. మొహాలనూ నమ్మదు, ఎందుకంటే మొదట్లో జనం చచ్చిపోయినవాళ్ళ పటాలెత్తి చూపించి నీళ్ళు తెచ్చుకున్నారు. పువ్వు మాత్రం ఒక్క పూటది, నిన్నటి ఫొటో ఇవాళ చెల్లదు. కాబట్టి సొంత పెరట్లో అప్పుడే విచ్చిన పువ్వు, దాని పక్కన ఇంట్లో మనిషి అరచెయ్యి. ఒక పువ్వుకు ఒక చెయ్యి. పూతకాలం అయిపోయేలోగా ఇంట్లో ప్రతి మనిషీ ఒకసారి చెయ్యి చూపించాలి. చూపిస్తే ఏడాదికి నీళ్ళు. చూపించకపోతే కోస్తా మేడలకు తీసుకుపోయే బండి వస్తుంది.

మొదటి పువ్వుకు నా చెయ్యి పెట్టాను. మండలి ఇచ్చిన కెమెరా వార్తలు చదివే గొంతుతో అంది: "చిత్రంలో పువ్వు ఉంది. మనిషి ఉంది. సంతోషం."

నా పని అయిపోయింది. ఇక అత్త ఒక్కతే మిగిలింది.

రెండో పువ్వు

అత్త పేరు వన్నూరమ్మ, మా నాన్నకు అక్క. ఈ తోట ఆమెది. దిబ్బలు వేరుశనగ చేల మీదికి నడిచొచ్చినప్పుడు ఊరు ఊరంతా మూటలు కట్టుకుంటే, ఈమె మాత్రం పెరటి చుట్టూ నాగజెముడు నాటుకుంటూ పోయింది. ఇసుక దానిదాకా వచ్చి ఆగింది. మా అమ్మా నాన్నా కోస్తా మేడల్లోనే ఉంటారు. నేను అక్కడే చదువుకున్నాను, యంత్రాలకు బొమ్మలు చూడడం నేర్పే చదువు. చదువయ్యాక ఒక్క పూతకాలం ఫొటోలు తీసుకుని వెళ్ళిపోదామని వచ్చాను. ఇది మూడో పూతకాలం. ప్రతిసారీ సంచి సర్దుతాను, ప్రతిసారీ ఏదో ఒకటి మొగ్గ తొడుగుతుంది.

ఇవాళ పువ్వు కింది కొమ్మన పూసింది. అత్త వంగి, ముందు కేసరాలను వేలితో తాకింది. తాకితే అవన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకుంటాయి. "సిగ్గు సూడు దీనికి, కొత్త పెండ్లికూతురు మాదిరి," అని ఎప్పటిలాగే నవ్వి, అరచెయ్యి పక్కన పెట్టింది. నేను నొక్కాను.

"చిత్రంలో పువ్వు ఉంది. మనిషి లేదు."

మళ్ళీ తీశాను. వెలుగు మార్చి తీశాను. గొడుగుగుడ్డ తీసేసి తీశాను. మనిషి లేదు. మనిషి లేదు. మనిషి లేదు.

"ఏమే, నేను కనపడ్లేదా దానికి?" అంది అత్త.

అప్పుడు, కెమెరా ఎలా చూస్తుందో అలా, ఆ చేతిని మొదటిసారి చూశాను. ఇక్కడందరూ ఎండకు జెముడు జిగురు పూసుకుంటారు, ఒంట్లో నీరు పోకుండా. అత్త ఎన్నేళ్ళుగానో పూసింది, కడిగింది తక్కువ. అరచెయ్యి మీద అది పొరలు పొరలుగా ఎండి, లేత ఆకుపచ్చగా, నున్నగా బిగుసుకుపోయింది. గీతలు పూడిపోయాయి. నూగుముళ్ళు గుంపులు గుంపులుగా దిగి, చర్మంలో చుక్కలు చుక్కలుగా మిగిలిపోయాయి. జెముడాకు మీద ఉన్నట్టే, అంతంత ఎడంగా. తొడుగు వేసుకోమని నేనొస్తూనే చెప్పాను. చేతికి గుడ్డ కట్టుకుని బిడ్డకు నీళ్ళు పోస్తారా అని తిట్టింది.

పోయిన ఏడాది మనిషే. ఈ ఏడాది కాదు. మధ్యలో ఏ రోజున మారిందో ఎవరికీ తెలియదు.

మూడో పువ్వు

మొగ్గలు ఇంకా ఉన్నాయి కదా, భయమెందుకు అనుకున్నాం. ఆముదం కాచి అత్త చెయ్యి అందులో నానబెట్టాం. కొబ్బరిపీచుతో రుద్దాం. జిగురు పొర కొంత లేచింది, దానితోపాటు చర్మమూ లేచింది. నూగుముళ్ళు తియ్యడానికి మైనం కరిగించి పూసి లాగాను. అత్త కళ్ళు మూసుకుని పళ్ళు బిగించి కూర్చుంది. మధ్యలో ఒకసారి, నువ్వు చదివిన చదువు ఇదేనా అని మాత్రం అడిగింది.

పువ్వు విచ్చే వేళకు చెయ్యి అక్కడక్కడా ఎర్రగా, తడిగా ఉంది. మనిషి చెయ్యే, నా కంటికైతే.

కెమెరా కాస్త ఆలోచించింది. ఆ ఆలోచన చూసి నాకు ఆశ పుట్టింది.

"చిత్రంలో పువ్వు ఉంది. మొక్కకు గాయం ఉంది. బూడిద అద్దండి."

అత్త నవ్వింది. కాసేపు గట్టిగానే నవ్వింది. తర్వాత పొయ్యి దగ్గరకు పోయి నిజంగానే బూడిద తెచ్చి అద్దుకుంది, మంట తట్టుకోలేక.

నాలుగో పువ్వు

ఎడమ చెయ్యి. మనిషి లేదు.

పువ్వు లేని రోజు

కెమెరాలోంచే మండలికి మాట కలిపాను. కెమెరాలో ఉన్న గొంతే అక్కడా ఉంది. మనిషితో మాట్లాడాలని అడిగాను. ముందు పువ్వు పక్కన చెయ్యి చూపించమంది. నా చెయ్యి చూపిద్దామంటే, నాది ఈ ఏడాదికి అయిపోయింది.

ఇలాంటి కళ్ళు ఎలా తయారవుతాయో నాకు తెలుసు. వేలకు వేల బొమ్మలు చూపించి, ఇది చెయ్యి, ఇది ఆకు అని చెబుతూ పోతాం. చదువుకునే రోజుల్లో నేనూ కూర్చుని చెప్పాను. మేడల్లో వాళ్ళ చేతులవి, మెత్తగా, తెల్లగోళ్ళతో. అత్తలాంటి చెయ్యి ఒక్కటి కూడా నా ముందుకు రాలేదు. వచ్చి ఉంటే నేనేమని చెప్పేదాన్నో. తను ఎన్నడూ చూడనిదాన్ని ఆ కన్ను పక్కనున్న దానితో పోల్చుకుంటుంది. పక్కన జెముడే ఉంది.

ఇదంతా అత్తకు వివరించాను. చెబుతున్నంతసేపూ ఒక ఎండిన జెముడాకును తుంచి, ముళ్ళు కాల్చి, మేకకు పెడుతూ విన్నది.

"అయితే తప్పు దానిది కాదంటావు," అంది.

కాదన్నాను.

"నాదీ కాదు."

కాదన్నాను.

"మరి ఇట్లాటప్పుడు నీళ్ళు ఎవురివి పోతాయి మే?"

లేచి కెమెరా అద్దం తుడిచాను. అంతకుముందే తుడిచి ఉన్నాను.

ఐదో పువ్వు

ఈ ఉపాయం సాకమ్మది. పక్క పెరట్లో ఉంటుంది, అత్తకు ఈడుజోడు, నోటికి అత్తకంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఏడోదిబ్బ మొత్తానికి ఒకే ఒక్క గోరింటచెట్టు ఆమె దగ్గరుంది. గిన్నె కడిగిన నీళ్ళు తప్ప దానికి ఇంకేమీ పోయదు, అయినా బతికింది. ఆకుపచ్చ కనబడబట్టే కదా యంత్రానికి ఆకనిపిస్తోంది, ఎర్రగా చేస్తే సరి అంది. చదువుకున్నదాన్ని నాకు తోచలేదు.

సాకమ్మ ఆకు రుబ్బి తెచ్చింది. చంద్రుడూ చుక్కలూ వద్దు, చెయ్యంతా పూసెయ్యి అంది అత్త. ఇద్దరూ నీడలో కూర్చుని పూతంతా ఆరేదాకా ఒకరినొకరు ఏడిపించుకున్నారు. ఈ వయసులో ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని సాకమ్మ అంటే, ఉన్న మొగుడు ఇసుక చూసి పారిపోయినాడు, వచ్చేవాడు నీళ్ళు మోసేవాడైతే రమ్మను అని అత్త. నేను చాలా రోజుల తర్వాత అత్త కోసం కాకుండా నాకోసం ఒక ఫొటో తీసుకున్నాను. ఇద్దరి తలలు, మధ్యలో ఆరుతున్న చెయ్యి.

మర్నాడు పువ్వు విచ్చింది. చెయ్యి మందారంలా పండింది. పసుపు పక్కన ఎరుపు, వెనక నల్లగుడ్డ. నేను తీసిన వాటిలో ఇంతకంటే అందమైన బొమ్మ లేదు.

"చిత్రంలో పువ్వులు రెండు ఉన్నాయి. చాలా బాగున్నాయి. మనిషి లేదు."

సాకమ్మ కెమెరాను నోటికొచ్చిన మాటలన్నీ తిట్టింది. దాని అమ్మను, దాన్ని కన్న మండలిని, మండలికి నీళ్ళిచ్చే సముద్రాన్ని. అత్త మాత్రం తన చేతిని ఎండలోకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పువ్వునైతిని," అంది.

గాలి

పడమటి గాలి లేచింది. తలుపు సందులకు తడిగుడ్డలు కుక్కి లోపల కూర్చున్నాం. ఇల్లంతా పిండిమరలా అయింది. గాలి ఆగాక బయటికి పోతే, మంచి కొమ్మలన్నీ ఇసుకలో పడి ఉన్నాయి, మొగ్గలతో సహా. అత్త వాటిని ఏరింది. విరిగిన ఆకులను మళ్ళీ నాటడానికి ఒక పక్క, మేకకు ఒక పక్క. మొగ్గలను మాత్రం ఏ కుప్పలోనూ వెయ్యలేదు. ఒళ్ళో పోసుకుని కూర్చుంది.

నీళ్ళతొట్టి వెనకాల, గోడ చాటున, ముసలి కొమ్మకు ఒక మొగ్గ మిగిలింది.

సాయంత్రం అత్త మేడల గురించి అడిగింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. మా అమ్మావాళ్ళ గదికి కిటికీ లేదని, వెలుగు గోడలోంచే వస్తుందని, దిబ్బల నుంచి వచ్చేవాళ్ళు విత్తనం కూడా వెంట తేకూడదని, గుమ్మంలోనే చెప్పులతో సహా అన్నీ కాల్చేస్తారని చెప్పాను. నీళ్ళు మాత్రం ఎప్పుడు తిప్పితే అప్పుడు వస్తాయన్నాను. ఊరడింపుగా అన్నాను.

"ఆ నీళ్ళు యాడ పోస్తారు?"

తాగుతారు, స్నానం చేస్తారు అన్నాను.

"అంతేనా," అంది. "మరి అక్కడ చేతులకేం పని?" అంది.

నేనూ వెంట వస్తానని చెప్పాలనుకున్నాను. ఆ మాట అబద్ధమో నిజమో తేల్చుకోలేక ఊరుకున్నాను. నేను కోస్తాకు వెళ్ళిపోవాలని మూడు పూతకాలాలుగా చూస్తున్నాను. అత్త వెళ్ళకూడదని చూస్తున్నదీ నేనే.

చివరి పువ్వు

గోడ చాటు మొగ్గ కాబట్టి ఆలస్యంగా విచ్చింది. చిన్నది, ఒక రేకు చీలి ఉంది. అత్త స్నానం కోసం దాచుకున్న చెంబు నీళ్ళతో చేతులు కడుక్కుంది. గోరింట చాలావరకు వెలిసిపోయి, అడుగునున్న పచ్చదనం మళ్ళీ తేలింది. నిలబడి, చెయ్యి పువ్వు పక్కన పెట్టింది. నేను ఎన్నిసార్లు నొక్కానో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ అదే గొంతు, అదే మర్యాద.

ఇంకా నొక్కుతూనే ఉన్నాను, బండి వచ్చేసింది.

నడుపుకొచ్చినామె పేరు ఎస్తేరు రాణి, కోస్తా మనిషి. మెడ చుట్టూ తడి తువ్వాలు కట్టుకుంది, పెదవులు పగిలి ఉన్నాయి. బండి నడిమిన గడకర్ర మీద మండలి కన్ను ఒకటి ఉంది, నా కెమెరాకు పెద్దక్క లాంటిది. ఆమె దిగి దణ్ణం పెట్టి, ఈ ఇంట్లో చెయ్యి చూపించని మనిషి ఒకరున్నారని ఉత్తరువు ఉందనీ, తీసుకెళ్ళడానికి వచ్చాననీ చెప్పింది. చెబుతూ చెబుతూ తొట్టి వెనక్కి చూసింది.

అత్త అక్కడే ఉంది. దాక్కోలేదు. పువ్వు ఇంకా విచ్చుకునే ఉంది కాబట్టి చెయ్యి తియ్యలేదు. నాగజెముడు గుబురు ఆమె నడుము దాకా ఉంది. ఇసుక కొట్టి వెలిసిన పాత ఆకుపచ్చ చీర, జిగురు పూసిన మెడ, మొహం. నేనామెను చూశాను. ఎస్తేరు రాణి చూసింది. అత్త మా ఇద్దరినీ చూసింది.

గడకర్ర మీద కన్ను పెరడంతా నెమ్మదిగా తిరిగింది. అత్త దగ్గర ఆగింది. మళ్ళీ కదిలింది.

"ఇంటి మనిషి ఒకరు. మిగిలినవి మొక్కలు."

ఎస్తేరు రాణి తువ్వాలుతో మొహం తుడుచుకుంది.

"మీకు కనబడుతోంది కదండీ," అన్నాను నేను. "మీరు చూశారని చెప్పండి. మనిషి ఉంది, నీళ్ళివ్వమని చెప్పండి."

"నా కంటితో చూసింది చెల్లదండి," అంది. "చెల్లితే ఈ బండి పని నాకెందుకు. ఇంటివాళ్ళ నోటి మాట ఒక్కటే చెల్లుతుంది. అది నేను అడగాలి." అని, అడగడానికి ముందు, వెనక్కి తిరిగి బండి చక్రం వైపు చూస్తూ నిలబడింది. "ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారాండి?"

ఉన్నారంటే అత్త బండెక్కాలి. ఇసుకను ఆపిన మనిషి కిటికీ లేని గదిలో కూర్చోవాలి. లేరంటే ఉంటుంది. ఎలా ఉంటుందో, ఏం తాగి ఉంటుందో ఎవరూ అడగరు. ఈ పూతకాలం పొడవునా నేను ఒక్కటే మాట రుజువు చెయ్యాలని చూశాను, ఇక్కడొక మనిషి ఉందని. వెలుగు మళ్ళించి, గుడ్డ కట్టి, చర్మం ఒలిచి.

అత్త చెయ్యి కదపలేదు.

"లేరు," అన్నాను.

కన్ను ఆ మాట తీసుకుంది. సంతోషం అంది. ఎస్తేరు రాణి వెళ్ళేటప్పుడు తన నీళ్ళసీసా మా గట్టు మీద మరిచిపోయింది. బండి దిబ్బ దిగాక కూడా దానికోసం తిరిగి రాలేదు.

అత్త పువ్వు ముడుచుకునేదాకా అక్కడే నిలబడింది. చీకటి పడకముందే ఇవతలికి వచ్చి, గట్టు మీద కూర్చుని, ఏమని చెప్పానో తను వినలేదన్నట్టు అడిగింది.

"ఏమని చెప్తివి?"

"ఎవరూ లేరని."

"ఊఁ," అంది. "మంచి పని చేస్తివి." కాళ్ళ మీది ఇసుక దులుపుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఆ సీసా నీళ్ళు దోసిట్లో పోస్తే తాగింది. జిగురు పట్టిన ఆ అరచేతిలో నీళ్ళు జెముడాకు మీది మంచులా ముత్యాలు ముత్యాలుగా నిలిచాయి. ఒక్క బొట్టూ ఇంకలేదు.

పువ్వులు అయిపోయాక

పొద్దున కెమెరా తనంతట తానే మాట్లాడింది. పెరట్లో కొత్త మొక్క ఒకటి నమోదైందట. గోడ పక్కన దానికొక సన్నని నీటిగొట్టం విడిచారు, రోజుకు ఒక మూతెడు కారుతుంది. మొక్క వాటా. మనిషి వాటా నాదొక్కటే, ఇద్దరం దాన్నే తాగుతున్నాం. ఎండలు ముదిరితే చాలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఆ మాట ఎత్తం.

నేను సంచి సర్దడం మానేశాను. నేను వెళ్ళిపోతే ఈ ఇంటికి మూతెడు నీళ్ళే.

కెమెరా ఇంకో మాట కూడా చెప్పింది. దాన్ని అత్తకు చెప్పాలా వద్దా అని ఒక పూటంతా ఇసుక దులిపాను. చివరికి చెప్పాను. కొత్త మొక్క వచ్చే పూతకాలానికి పువ్వు చూపించాలి. పూయని మొక్కకు గొట్టం కట్టేస్తారు, ఆ చోటు ఇంకొకదానికి ఇస్తారు.

అత్త విన్నది. మేకను విప్పి, కట్టి, మళ్ళీ విప్పింది. తర్వాత కొంగు బిగించి సాకమ్మ పెరట్లోకి పోయింది. గోడ అవతల ఇద్దరూ వాదులాడుకోవడం వినబడింది. నా చెట్టు చస్తుందే అని సాకమ్మ, చస్తే నీకు నేనుండానని అత్త. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో జానెడు గోరింట కొమ్మ ఉంది, ఆకులు దూసినది.

గోడ పక్కన, తన గొట్టం కింద, తన మూతెడు నీళ్ళు కారే చోట వేలితో గుంట తీసి దాన్ని నాటింది. అప్పటినుంచి రోజూ పొద్దున దాని ముందు గొంతుక్కూర్చుంటుంది. చిగురు ఇంకా వెయ్యలేదు. గీరి చూస్తే లోపల పచ్చగా ఉందో లేదో తెలుస్తుంది. గీరడానికి ఇద్దరికీ చెయ్యి రావడం లేదు.

"ఆ పొద్దు మాదిరి చెయ్యి పండాల మే," అంటుంది నన్ను చూసి, అరచెయ్యి తిప్పుతూ. "రెండు పువ్వులన్న్యాది గదా అది."

అవునంటాను. వెలుగు ఎటువైపు నుంచి వస్తే బాగుంటుందో చూస్తూ, నల్లగుడ్డకు పడిన చిరుగు కుట్టుకుంటాను.